గంటకి తోడు

ఇటు తిరుగు. మూతి ముడుచుకుని గోడకేసి చూస్తే కథ చెప్పను, ముందే అంటున్నాను. పక్కింటి పిల్లకి వాళ్ళ మావయ్య సింగపూరు నుంచి పెన్సిళ్ళ డబ్బా తెచ్చాడు, మీట నొక్కితే పాట పాడుతుంది. నిజమే, నేనూ చూశాను. ముచ్చటగానే ఉంది. నువ్వు పెన్సిల్ ముక్కలు పెట్టుకునే మీ తాతయ్య పొడుం డబ్బా పాట పాడదు. అదీ నిజమే. అంతమాత్రానికి ఆ డబ్బాని చెత్తబుట్టలో పడేసి, అన్నం మానేస్తారుటే ఎవరైనా? తీసి పైన పెట్టాన్లే. కాళ్ళు చాపుకో, దుప్పటి కప్పుతాను. ఊఁ కొట్టాలి మరి. ఊఁ ఆగితే కథా ఆగుతుంది, నాకేం, నేనూ పడుకుంటాను.

అనగనగనగా, సముద్రం హోరు పొద్దస్తమానం వినపడే ఒక ఊరు. దాని పేరు దిబ్బలవలస. ఒక పక్క ఇసుక దిబ్బలు, ఒక పక్క జీడితోటలు, మధ్యలో మొగలి డొంకలు. ఆ ఊళ్ళో ఇంటికో ఆవు. ప్రతి ఆవు మెడలో ఒక కంచు గంట.

ఆ గంటలన్నీ పోసేది కంచరి లచ్చన్న. కంచరి అంటే కంచు కరిగించి గిన్నెలూ గంటలూ చేసేవాడు. గంట ఎలా పోస్తారో తెలుసా నీకు? ముందు మైనంతో గంట బొమ్మ చేస్తారు. అప్పుడు దాని మీద మట్టి మెత్తుతారు. ఆ తర్వాత కాలిస్తే లోపలి మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలో కంచు పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడితేనే గంట బయటికొస్తుంది. అంటే ఒక అచ్చు ఒక్క గంటకే.

అందుకని ఏ గంటా ఇంకో గంటలా మోగేది కాదు. ఒకటి బొంగురు, ఒకటి కీచు, ఒకదానికి ఎప్పుడూ జలుబే. ఏ ఆవు ఎక్కడ మేస్తోందో ఇంట్లో పడుకున్నవాళ్ళు కూడా చెప్పేసేవాళ్ళు.

ఆ ఊళ్ళో అసిరి అని ఒక పిల్ల ఉండేది. నీ అంతే ఉంటుంది, నీ అంత పెంకిదే. వాళ్ళమ్మ పోలమ్మ, వాళ్ళయ్య తవిటయ్య, వాళ్ళ నల్లావు కర్రి. పొద్దున్నే పోలమ్మ కర్రిని తోలుకుని జీడితోటల్లోకి పోయేది. దీపాల వేళకి తిరిగొచ్చేది. మనిషి కంటే ముందు గంట వినపడేది, డొణంగ్... డొణంగ్... అని, తాపీగా.

అప్పుడు అసిరి గుమ్మంలోకి పరిగెత్తి, "అమ్మొస్తంది అయ్యా, నీళ్ళెట్టు!" అని అరిచేది. తవిటయ్య లేచి పొయ్యి మీద నీళ్ళు పెట్టేవాడు. పొద్దంతా ఇసుకలో నడిచిన కాళ్ళు కదా, మడమలు పగిలిపోయి ఉండేవి. పోలమ్మ గడప మీద కూర్చుని, ఆ వేణ్ణీళ్ళతో కాళ్ళు కడుక్కుని, "హమ్మయ్య" అనేది. రోజూ ఇంతే.

ఆ తర్వాత ఒక వానాకాలం ఊరంతా జ్వరాలొచ్చాయి. పోలమ్మకీ వచ్చింది. అందరికీ తగ్గింది, పోలమ్మకి తగ్గలేదు. పోయింది తల్లీ. ఊఁ కొట్టవేం? సరేలే, నా చెయ్యి పట్టుకో.

అప్పట్నుంచి పొరుగింటి కోటమ్మ తన ఆవుతో పాటు కర్రినీ మేపుకొచ్చేది. పొద్దు వాలితే గంట మాత్రం మునుపటిలాగే మోగేది. డొణంగ్... డొణంగ్... అది చెవిన పడగానే అసిరికి ఒక్క రెప్పపాటు అమ్మ వస్తున్నట్టే ఉండేది. రాదని తెలుసు దానికి. తెలియకేం! తెలిసినా సరే, ఆ రెప్పపాటు కోసం మధ్యాహ్నం నుంచే పోయి గుమ్మంలో కూర్చునేది. "అమ్మొస్తంది" అని పైకి అనేది కాదు. పెదాలు మాత్రం కదిలేవి.

ఇలా ఉండగా, దగ్గర్లోని రేవుకి ఓడలు రావడం మొదలైంది. దూరదేశం నుంచి వచ్చే సరుకుని ఆ ఊరివాళ్ళు సీమ సరుకు అనేవాళ్ళు. మొదట సీమ దువ్వెనలు వచ్చాయి. ఊళ్ళో చేసే కొమ్ము దువ్వెనలు పెంటకుప్ప మీదికి పోయాయి. ఆ తర్వాత సీమ లాంతర్లు వచ్చాయి. దీపాలు పెట్టుకునే సెమ్మెలన్నీ అటకెక్కాయి. మూడోసారి ఓడలో సీమ గంటలు దిగాయి.

అబ్బ, ఏం మెరుపే అవి! బంగారం కూడా దిగదుడుపే. మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. అన్నీ ఒకేలా, అచ్చు గుద్దినట్టు. ఊపితే టింగ్ టింగ్ టింగ్ అని ముద్దుగా మోగేవి. ఓడ బేరగాడు రేవులో నిలబడి, "పాత గంట ఇచ్చుకో, కొత్త గంట పుచ్చుకో" అన్నాడు. ఇంకేముంది, ఊరు ఊరంతా ఎగబడింది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా!

ఆ తర్వాత ఊళ్ళో మాటే మారిపోయింది. ఏది బాగుంటే అది 'సీమది'. బాగోకపోతే 'ఊరిది'. ఎవరి పిల్లాడైనా చక్కగా పాడితే "సీమ గొంతురా వీడిది" అనేవాళ్ళు. చారులో ఉప్పెక్కువైతే, "ఊరి చారు కాచింది మహాతల్లి" అని అత్తలు కోడళ్ళని ఆడిపోసుకునేవాళ్ళు. చారు కూడా సీమ నుంచి రావాలి కాబోలు, ఓడెక్కి! వచ్చేసరికి చల్లారిపోదుటే?

పాపం, లచ్చన్న గడప తొక్కేవాడు లేడు. కొలిమి చల్లబడిపోయింది. ఆ బూడిదలో ఒక ఎర్రకోడి గుడ్లు పెట్టుకుని పొదగడానికి కూర్చుంది. లేపబుద్ధి కాక లచ్చన్న దాన్ని అలాగే వదిలేశాడు.

ఒకనాడు తవిటయ్య కర్రి మెడలోంచి గంట విప్పాడు.

"ఏటయ్యా, ఎందుకిప్పుతున్నావు?" అంది అసిరి.

"సీమ గంటకి మార్చేద్దామనే."

"వద్దయ్యా! ఇది అమ్మ గంట."

"ఊరంతా మార్చేశారు గదే. మనమొక్కళ్ళం ఊరి గంట కట్టుకుంటే ఏం బాగుంటది?" అన్నాడు తవిటయ్య. అంటూ మొహం అటు తిప్పుకున్నాడు.

అసిరి బతిమాలింది. తవిటయ్య వినలేదు. ఏడ్చింది. వినలేదు. నేల మీద పడి పొర్లింది. ఊఁహూఁ, వినలేదు. తువ్వాలు తెచ్చుకోవడానికని లోపలికి వెళ్ళాడు. అప్పుడు అసిరికి ఒళ్ళు మండిపోయింది. గంట లోపల వేలాడుతూ కొట్టుకునే కంచు ముక్క ఉంటుంది చూశావూ, దాన్ని గంట నాలుక అంటారు. ఆ నాలుకని కొక్కెంలోంచి లాగేసి, పరికిణీ బొడ్డులో దోపుకుంది. మూగ గంటని పట్టుకెళ్ళి ఏం చేసుకుంటారో చేసుకోనీ అనుకుంది.

తవిటయ్య రేవుకి తీసుకెళితే, బేరగాడు గంట లోపలికి చూడనైనా లేదు. వాడికి కావలసింది కరిగించుకోవడానికి పాత కంచు. గంటని బస్తాలో విసిరేశాడు. ఆ తర్వాత ఓడ వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అసిరి గుమ్మంలోనే ఉంది. ఆవులు వస్తున్నాయి, టింగ్ టింగ్ టింగ్ టింగ్. అన్నీ టింగే. కర్రి వచ్చి ఎదురుగా నిలబడి చెయ్యి నాకేదాకా వచ్చింది కర్రి అనే తెలియలేదు. ఎదురుచూసిన రెప్పపాటు రానేలేదు. పిల్ల అన్నం ముట్టలేదు. గంట నాలుకని చెంపకి ఆనించుకుని, అలాగే పడుకుంది.

ఇంతలో పుష్యమాసం మంచు దిగింది. చెయ్యి చాపితే చెయ్యి కనపడని మంచు. మునుపైతే గంట విని ఎవరి ఆవుని వాళ్ళు తెచ్చుకునేవాళ్ళు. ఇప్పుడు డొంకల్లో ఎటు విన్నా టింగే. కోటమ్మ తన ఆవే అనుకుని ఒక టింగు వెంట దిబ్బల దాకా పోయి, తాడేద్దామని మెడ మీద చెయ్యి వేసింది. తీరా చూస్తే అది మునసబు గారి ఆబోతు! కోక ఎగ్గట్టుకుని పరుగో పరుగు.

అప్పుడు ఊళ్ళోవాళ్ళు ఉపాయాలు ఆలోచించారు. మొదట గంటలకి రంగు గుడ్డలు కట్టారు. మంచులో రంగెవరికి కనపడుతుంది? ఆ తర్వాత పేరు పెట్టి పిలిచి చూశారు. ఆ ఊళ్ళో సగం ఆవుల పేరు లక్ష్మే, ఒక్క కేకకి మంద మందంతా మీదికొచ్చింది. చివరికి గొంతు మారుతుందని గంటల్లో పీచు కుక్కారు. అవి మోగడమే మానేశాయి, మళ్ళీ పీచు పీకేశారు. ఇంత జరిగినా, "గంట తప్పేం లేదు, మంచుదే తప్పు" అన్నారు కానీ, సీమ సరుకుని ఒక్క మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

నేను మాత్రం సీమ గంట చెడ్డదన్నానా? అనలేదు. అక్కడ దాన్ని పోసినవాడు ఉంటాడు, వాడికీ పెళ్ళాం పిల్లలు ఉంటారు. అక్కడి ఆవులకి ఆ టింగు వింటే ప్రాణం లేచొస్తుందేమో. మన అసిరికి లేచిరాలేదు, అంతే.

అసిరి ఏం చేసిందీ? ఎవరికీ చెప్పకుండా లచ్చన్న ఇంటికి పోయింది.

"తాతా, మా గంట నాకు మళ్ళీ పోసియ్యి."

"ఎలా మోగేదే మీ గంట?"

"డొణంగ్ అని."

"డొణంగని నేను బోలెడు పోశాను. ఇంకా చెప్పు."

అసిరి కళ్ళు మూసుకుంది. "అమ్మ వస్తన్నట్టు మోగేది" అంది.

లచ్చన్న లేచి, కొలిమిలోని కోడిని గుడ్లతో సహా బుట్టలోకి మార్చాడు. కోడి నానా తిట్లూ తిట్టింది. అప్పుడు కొలిమి రాజేసి, మైనం బొమ్మ చేసి, మట్టి మెత్తి, కంచు పోశాడు.

మొదటి గంట కణకణ మంది. "ఇది అమ్మ కాదు తాతా, కోటమ్మత్త దెబ్బలాట" అంది అసిరి. లచ్చన్న నవ్వి దాన్ని కరిగించేశాడు. రెండో గంట పోశాడు. అది డబ్బుమంది. "ఇది మూకుడు" అంది. ఈసారి లచ్చన్న నవ్వలేదు. నుదుటి మీద చెమట తుడుచుకుని, "నా వల్ల కాదే తల్లీ" అని కూలబడ్డాడు.

లచ్చన్న పెళ్ళాం సూరమ్మ పక్కనే కూర్చుని గోరువెచ్చని పాలకి తోడు పెడుతోంది. తోడంటే తెలుసుగా, పాలు పెరుగవ్వాలంటే పాత పెరుగు ఒక చెంచాడు వేస్తామే, అదీ. "తోడు లేందే పాలే పెరుగవ్వవు. కంచు మాత్రం ఎలా అవుద్దీ?" అంది సూరమ్మ. "ఆ పాత గంట పిసరేదైనా ఉంటే, అది వేసి కరిగిస్తే ఆ గొంతొస్తదేమో. ఇప్పుడెక్కడుందో అది, ఏ సముద్రంలో పోతందో!"

అసిరి చెయ్యి బొడ్డు దగ్గరికి పోయింది.

"మామ్మా, తోడేస్తే ఆ తోడు ఏమైపోద్ది?"

"ఏమవుద్దీ? పాలల్లో కలిసిపోద్ది."

"మళ్ళీ కనపడదా?"

"కనపడదు."

అసిరి లేచి ఇంటికొచ్చేసింది. దానికి మిగిలింది ఆ నాలుక ఒక్కటే తల్లీ. అమ్మ గంటలో ముక్క, అమ్మతో పాటు జీడితోటలన్నీ తిరిగిన ముక్క. ఎలా ఇస్తుంది? కొలిమిలో పడితే ఇక ఉండదు కదా. అలాగని దగ్గరుంచుకుంటే అది పలకదు. రాయి మీద కొట్టి చూసింది, ఠక్కుమంది. గడప మీద కొట్టి చూసింది, అదే ఠక్కు. కర్రి కొమ్ము మీద కొట్టింది, కర్రి కోపంగా చూసింది. గంట లేని నాలుక ఏం మాట్లాడుతుంది చెప్పు?

మర్నాడు మళ్ళీ సూరమ్మ దగ్గరికి వెళ్ళింది. "కనపడకపోతే, ఉందని ఎలా తెలుస్తది మామ్మా?" అని అడిగింది.

సూరమ్మకి ముందు అర్థం కాలేదు. ఆ తర్వాత దాని పిడికిలి చూసింది, కళ్ళు చూసింది. లేచి వెళ్ళి, రాత్రి తోడుపెట్టిన పెరుగు ఇంత తీసి దాని ఎడం చేతిలో వేసింది. "తిని చూడు. ఇందులో నా చెంచాడు తోడు ఎటుపక్కుందో చెప్పు."

అసిరి తింది. "తెలీటంలేదు" అంది.

"ఎలా తెలుస్తదే పిచ్చిదానా. అంతా అదే గదా!"

అసిరి పెరుగు చేతిని నాకేసింది. కుడి పిడికిలి విప్పి, నాలుకని లచ్చన్న అరచేతిలో పెట్టింది. పెట్టి, వెక్కి వెక్కి ఏడ్చింది. లచ్చన్న దాన్ని కళ్ళకద్దుకుని కరుగుతున్న కంచులో వేశాడు. మూడో గంట పోశాడు. అడుగున మిగిలిన కంచు చుక్కని మాత్రం ఊడ్చి తీసి దాచాడు. రేపటికి తోడుండాలి కదా, మీ అమ్మ పెరుగు గిన్నెలో అడుగున ఉంచినట్టు.

నీ కళ్ళు మూసుకుపోతున్నాయి, ఊరి సంగతి ముందే చెప్పేస్తాను. ఆ తర్వాత కోటమ్మ వచ్చి, "మాకూ కాస్త ఆ తోడు వేసి గంట పోసియ్యి లచ్చన్న బావా" అంది. ఆమె వెనక మునసబు గారి ఇంటివాళ్ళు, వాళ్ళ వెనక ఇంకొకళ్ళు. కోడికి మళ్ళీ ఆ కొలిమిలో చోటు దొరకలేదు. సీమ గంటల్ని మాత్రం ఎవరూ పారెయ్యలేదు, దూడలకి కట్టారు. వాటి చిన్న మెడలకి అవే ముద్దొచ్చాయి.

ఇప్పుడు వెనక్కి, ఆ కొత్త గంట మొదటిసారి మోగిన సాయంత్రం దగ్గరికి రా. పొద్దున్నే అసిరి తన చేత్తోనే కొత్త గంట కర్రి మెడలో కట్టింది. వాళ్ళయ్యకి చెప్పలేదు. పొద్దు వాలింది. మంచు దిగింది. టింగ్ టింగ్ అని ఆవులు వస్తున్నాయి, అసిరి గుమ్మంలో చెవులు రిక్కించుకుని నిలబడింది. టింగ్ టింగ్ టింగ్... ఆ టింగుల మధ్యలోంచి, దూరంగా, డొణంగ్.

అచ్చం పాతదే అని అబద్ధం చెప్పను. గొంతు కాస్త లేతగా ఉంది. కానీ ఆ తాపీ అదే. ఆ వచ్చే తీరు అదే. రెప్పపాటు రానే వచ్చింది. అసిరి ఒళ్ళు మరిచిపోయి, "అమ్మొస్తంది అయ్యా, నీళ్ళెట్టు!" అని అరిచేసింది. అరిచాక నాలిక్కరుచుకుంది.

లోపల తవిటయ్య గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. గంట వినగానే సగం లేచాడు. సగం లేచి, అలాగే ఉండిపోయాడు.

"అయ్యా, కోపమొచ్చిందా?" అంది అసిరి.

"ఆ గంట మోగితే నా కాళ్ళు వాటంతటవే పొయ్యి కాడికి పోయేవే" అన్నాడు తవిటయ్య. "కుండ చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చేది, ఎవరికిరా ఈ నీళ్ళు అని. రోజూ ఇంతే. నువ్వు చూడకుండా కుండ దింపేసేవాణ్ణి. సీమ గంటకి మనమెవరమో తెలీదు. అది ఎంత మోగినా నాకేం గుర్తు రాదు. అందుకే మార్చేశానే. అది బాగుందని కాదు."

అసిరి కాలి బొటనవేలితో నేల మీద గీసింది. "మరి ఇది తీసేద్దామా?" అంది.

డొణంగ్... డొణంగ్... గంట వాకిట్లోకి వచ్చింది. కర్రి తల లోపలికి పెట్టి, ఎవరూ పలకరించరేం అన్నట్టు చూసింది.

తవిటయ్య లేచాడు. పొయ్యిలో పుల్ల ఎగదోశాడు. నీళ్ళు పెట్టాడు.

ఏమిటీ? వాళ్ళమ్మ వచ్చిందా అనా? లేదు తల్లీ. పోయినవాళ్ళు రారు. గంటే వచ్చింది.

మరి నీళ్ళంటావా? కాగాయి. తవిటయ్య కూతుర్ని గడప మీద కూర్చోబెట్టాడు, వాళ్ళమ్మ కూర్చునే చోటే. ఆ వేణ్ణీళ్ళతో దాని కాళ్ళు కడిగాడు, ఒక్కొక్క వేలూ. పాపం, అది కూడా పొద్దంతా ఇసుకలో తిరిగిందే కదా. అప్పుడు అసిరి ఏమందో తెలుసా? "హమ్మయ్య" అంది. తవిటయ్య తలెత్తి చూశాడు. అచ్చం వాళ్ళమ్మ గొంతే.

ఊఁ... నిద్రొచ్చేస్తోందా? పాట పాడే డబ్బా కొనుక్కుందువుగానిలే, మీ నాన్నతో నేను చెప్తాను. పొడుం డబ్బా మాత్రం నీకు వద్దంటే నాకిచ్చెయ్యి. మూత తీస్తే టప్పుమంటుంది చూశావా, తెల్లారగానే మీ తాతయ్య లేచాడని నాకు ఆ చప్పుడుతోనే తెలిసేది. దాన్ని చెత్తబుట్టలో వెయ్యకు.

కథ కంచికి, కంచు గంట కర్రికి,
వేణ్ణీళ్ళు కాళ్ళకి, వెన్నెల వాకిళ్ళకి,
నిద్దర నీ కంటికి, మనం మన ఇంటికి.